తీపి మొక్కజొన్న: విత్తు వేళ, కోత వేళ

పెరటి పంటలలో కొన్ని మనకొరకు వేచియుండును. గుమ్మడికాయ కోసిన పిదప నెలల తరబడి అటకమీద నిలువగలదు. మామిడికాయ చెట్టు దిగిన తరువాతనే గడ్డిలో పండును. కంద భూమిలోనే యుండి, కావలసినప్పుడు త్రవ్వుకొనుటకు వీలిచ్చును. తీపి మొక్కజొన్న అట్టిది కాదు. దాని పొత్తు తినుటకు తగియుండు కాలము కొద్ది దినములు మాత్రమే. ముందుగా కోసినచో గింజలో నీరు తప్ప వేరేమియు ఉండదు. ఆలస్యమైనచో తీపి పోయి పిండి మిగులును. సరియైన దినమున కోసియు వేడిగదిలో ఒక రోజు ఉంచినచో ఆ తీపిలో సగము మనకు దక్కదు.

కావున ఈ పంటను పెంచువారిని రెండు ప్రశ్నలు ఎల్లప్పుడును వేధించినవి. ఎప్పుడు విత్తవలెను? ఎప్పుడు కోయవలెను? ఈ ప్రశ్నలకు మొదట సమాధానము చెప్పినవారు చదువు రాని వ్యవసాయదారులు. తరువాత చెప్పినవారు డబ్బాల కర్మాగారములవారు. చివరకు చెప్పినవారు జన్యుశాస్త్రజ్ఞులు. ఆ మూడు సమాధానముల కథయే ఈ వ్యాసము.

పుట్టినిల్లు

మొక్కజొన్న మన దేశపు పంట కాదు. మెక్సికోలోని బాల్సాస్ నదీలోయ ప్రాంతమున, సుమారు 9,000 సంవత్సరముల క్రిందట, టియోసింటే అను గడ్డిజాతి మొక్కనుండి అచ్చటి ప్రజలు దీనిని రూపొందించిరి. అక్కడినుండి ఇది ఉత్తర, దక్షిణ అమెరికాలు రెంటికిని వ్యాపించెను. 1492లో కొలంబసు ప్రయాణము తరువాతనే తక్కిన ప్రపంచమునకు ఈ పంట తెలిసినది. మన పూర్వులు దీనిని చూచినప్పుడు తమకు చిరపరిచితమైన జొన్నతో పోల్చి మొక్కజొన్న అని పేరు పెట్టుకొనిరి.

మామూలు మొక్కజొన్నకును తీపి మొక్కజొన్నకును జాతిభేదము లేదు. ఆకు చేసిన చక్కెర గింజలోనికి వచ్చి చేరును. మామూలు గింజలో ఆ చక్కెర త్వరత్వరగా పిండిపదార్థముగా మారిపోవును. తీపి మొక్కజొన్నలో ఈ మార్పును నడుపు ఒక జన్యువు చెడియున్నది. అందుచేత చక్కెర కొంత మిగిలిపోవును. పిండి సరిగా కూడక, ఎండిన గింజ ముడుతలు పడును. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన థామస్ జెఫర్సన్ 1810లో తన తోట పుస్తకమున దీనిని ముడుతల మొక్కజొన్న అనియే వ్రాసికొనెను.

ఈ రకము తెల్లవారి తోటలకు చేరిన కథ సంతోషకరమైనది కాదు. 1779లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున, బ్రిటిషువారి పక్షము వహించిన ఇరక్వా తెగలమీదికి వాషింగ్టను పంపగా జనరల్ సల్లివన్ దండెత్తెను. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో, కంకులు పాలుపోసుకొను సమయమున, ఆ సైన్యము ఊరూర దిగి పంటలను నరికి కాల్చివేసెను. నలువది గ్రామములను, 1,60,000 బుషెళ్ల మొక్కజొన్నను నాశనము చేసితిమని సల్లివన్ తన నివేదికలో తెలిపెను. సైనికులు ఆ చేలలోని లేత పొత్తులను కాల్చుకొని తినిరి. ఆ దండయాత్రనుండి తిరిగివచ్చిన ఒక అధికారి పాపూన్ అను తీపి మొక్కజొన్న విత్తనములను మసాచుసెట్సులోని ప్లిమత్ పట్టణమునకు తెచ్చెనని పందొమ్మిదవ శతాబ్ది వ్యవసాయ పత్రికలు చెప్పుచున్నవి. విత్తనము వచ్చినది, దానిని ఎప్పుడు విత్తి ఎప్పుడు కోయవలెనో ఎరిగినవారు మాత్రము చలికాలము ముందు తిండిలేక చెల్లాచెదరైరి.

పొదను చూచి విత్తుట

ఎరిగినవారు ఎట్లు ఎరిగిరి? దీనికి మంచి సాక్ష్యము మిస్సోరీ నదీతీరమున, నేటి ఉత్తర డకోటా రాష్ట్రములో నివసించిన హిడాట్సా తెగనుండి లభించినది. ఆ తెగలో వ్యవసాయము స్త్రీల పని. బఫెలో బర్డ్ వుమన్ అను వృద్ధురాలు తన పొలపు పనులనన్నిటిని పూసగ్రుచ్చినట్లు చెప్పగా, గిల్బర్ట్ విల్సన్ అను మానవశాస్త్రజ్ఞుడు వ్రాసికొని 1917లో గ్రంథముగా ప్రకటించెను.

ఆమె చెప్పిన విత్తు వేళ పంచాంగములో లేదు. వంటచెరకుకై అడవికి పోవు ముసలి స్త్రీలు గూస్‌బెర్రీ పొదలను గమనించుచుండిరి. వసంతమున ఆ అడవిలో మొట్టమొదట చిగిర్చునది ఆ పొదయే. అది దాదాపు పూర్తిగా ఆకు వేసినదని చూచినప్పుడు, మొక్కజొన్న విత్తుటకు వేళయైనదని ఊరిలో చెప్పుదురు. జూన్ బెర్రీ పండ్లు పండినప్పుడు లేత పొత్తులకై రెండవసారి కొంత విత్తుదురు. మొదటి పైరు గింజ గట్టిపడిన పిదప ఈ రెండవ పైరు అందివచ్చునని వారి ఆలోచన.

కోత వేళకు ఆమె చెప్పిన గుర్తులు మూడు: మొక్క కొననున్న మగపూత గోధుమవన్నెకు తిరుగవలెను, పొత్తు చివరనున్న పీచు ఎండవలెను, పొత్తు పైతొడుగు ముదురాకుపచ్చగా ఉండవలెను. ఈ గుర్తులు తెలిసినవారు తొడుగు విప్పి చూడనక్కర లేదు. ఎండబెట్టి నిలువచేయదలచిన లేత పొత్తులను సూర్యాస్తమయమునకు కొంచెము ముందు విరిచి, రాత్రియంతయు చేనిలోనే ఆరుబయట కుప్పగా ఉంచుదురు. ఇంటిలోనికి తెచ్చి ఉంచినచో తాజాదనము, తీపి తగ్గునని వారి నమ్మకము.

ఇక్కడ పాఠకులు ఒక విషయము గమనింపవలెను. హిడాట్సా స్త్రీలవద్ద ముడుతల గింజ రకము ఉన్నది గాని, దానిని వారు ముఖ్యముగా వేయించి పొడిచేసి ఉండలు కట్టుటకు వాడిరి. లేతగా తినినవి ఎక్కువగా ఇతర రకముల పొత్తులే. మామూలు మొక్కజొన్న కూడ పాలుపోసుకొను దశలో తీయగనే యుండును. ఆ తీపి మరింత త్వరగా పోవును, అంతియే తేడా. మన ఊళ్లలో వానకాలమున నిప్పులమీద కాల్చి, ఉప్పు, కారము, నిమ్మరసము రాచి అమ్ము పొత్తులు అట్టివే. పాలకంకి జొన్నను కాల్చి నలిపి ఊచబియ్యము తినినవారికి ఈ రుచి రహస్యము క్రొత్త కాదు. గింజ ముదురకముందే పట్టుకొనవలెను.

గూస్‌బెర్రీ పొదకును మొక్కజొన్నకును ఏమి సంబంధము? రెండును వేడిమిని అనుసరించి పెరుగునవే. నేల వేడిమి సుమారు 10 సెంటిగ్రేడు డిగ్రీలకు తక్కువైనచో మొక్కజొన్న విత్తనము మొలకెత్తక, తేమలో నాని కుళ్లిపోవును. ఒక సంవత్సరము వసంతము ముందు వచ్చును, మరొక సంవత్సరము వెనుకబడును. తేదీనిబట్టి విత్తినవాడు మోసపోవును. పొద మాత్రము ఆయేటి వేడిమినంతయు తన ఆకులలో లెక్కవ్రాసి చూపును. అనగా, ఉష్ణమాపకము లేని కాలమున ఆ పొదయే ఉష్ణమాపకము.

పొదనుండి లెక్కకు

ఈ భావమును అంకెలలో పెట్టిన మొదటివారిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమర్ ఒకడు. పైరు పండుటకు ఇన్ని దినములు అని చెప్పుటకన్న, ఇంత వేడిమి మొత్తము కావలెనని చెప్పుట సరియని ఆయన 1735లో సూచించెను. నేడు మొక్కజొన్నకు వాడు లెక్క మిక్కిలి సులభము. ఒక దినపు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటునుండి 10 తీసివేయవలెను. మిగిలినది ఆ దినపు ఉష్ణ యూనిట్లు.

ఒక ఉదాహరణము చూతము. చలి వదలని వసంత దినమున గరిష్ఠము 18, కనిష్ఠము 8 డిగ్రీలు. సగటు 13, యూనిట్లు 3. నడి వేసవి దినమున గరిష్ఠము 32, కనిష్ఠము 20. సగటు 26, యూనిట్లు 16. ఐదు చలి దినములు కలిసినను ఒక వెచ్చని దినమునకు సరిరావు. ఇప్పుడు ఒకడు వసంతమున 10 దినముల ఎడముతో రెండు మడులు విత్తెననుకొందము. ఆ 10 దినములలో మొదటి మడికి చేరిన ఆధిక్యము 30 యూనిట్లు మాత్రమే. కోత నాటికి దినమునకు 16 యూనిట్లు వచ్చుచుండును గనుక, రెండవ మడి ఆ 30 యూనిట్లను రెండు దినములలో అందుకొనును. 10 దినముల ఎడముతో విత్తిన మడులు రెండు దినముల ఎడముతో కోతకు వచ్చును! నెలయంతయు పొత్తులు తినగోరి విత్తినవాడు ఒక్క వారములోనే గంపలకొద్ది కోసి ఇరుగుపొరుగువారికి పంచవలసివచ్చును.

అందుచేతనే చలిదేశపు తోటమాలులు దినములు లెక్కింపక, మొదటి మడిలో మొక్కలు మూడు నాలుగు ఆకులు వేసిన తరువాత రెండవ మడిని విత్తుదురు. ఇది మరల గూస్‌బెర్రీ పద్ధతియే. పొదకు బదులు మొక్కజొన్న మొక్కనే గడియారముగా చూచుచున్నారు.

ఈ లెక్క అందరికంటె ఎక్కువగా అవసరమైనది డబ్బాల పరిశ్రమకు. మెయిన్ రాష్ట్రములో ఐజాక్ విన్‌స్లో 1839 ప్రాంతమునుండి లేత గింజలను డబ్బాలలో నిలువచేయుటకు ప్రయోగములు చేసి, 1862లో పేటెంటు పొందెను. ఇంటి తోటలో నాలుగు పొత్తులు ముదిరినచో నష్టము స్వల్పము. కర్మాగారమునకు బండ్లకొద్ది పొత్తులు ఒకే దినమున వచ్చిపడినచో యంత్రములు చాలవు. మరునాటికి ఉంచినచో తీపి నిలువదు.

ఎంత తీపి పోవును? మేరీలండులో ఆపిల్‌మన్, ఆర్థర్ అను శాస్త్రజ్ఞులు కోసిన పొత్తులను వేర్వేరు ఉష్ణోగ్రతలలో ఉంచి పరీక్షించి, 1919లో ఫలితములు ప్రకటించిరి. 30 డిగ్రీల వేడిలో ఒక దినమునకే గింజలోని చక్కెర దాదాపు సగము తగ్గును. 0 డిగ్రీలలో ఉంచినచో తగ్గునది పదవవంతునకు మించదు. కోసినంతమాత్రమున గింజ చావదు. శ్వాసించుచు, చక్కెరను పిండిగా మార్చు పనిని కొనసాగించుచునే యుండును. చల్లదనము ఆ పనిని మందగింపజేయును. సాయంకాలము కోసి రాత్రి ఆరుబయట ఉంచిన హిడాట్సా స్త్రీల అలవాటునకు కారణము ఇందులో కనబడుచున్నది. కప్పుక్రింద ఉక్కలో ఉన్న కుప్పకన్న చల్లగాలిలోని కుప్ప తీపిని కాపాడుకొనును.

తోటమాలుల రకములు

ఇంతలో తోటమాలులును ఊరకుండలేదు. కనెక్టికట్ రాష్ట్రమున న్యూహేవన్ పట్టణమునకు చెందిన నోయెస్ డార్లింగ్ 1840 దశకములో, ముందుగా పంటకు వచ్చు రకమును తెలుపురంగు తీపి రకముతో సంకరపరచి, త్వరగా పండు తీపి మొక్కజొన్నను సాధించెను. ఆ దశకము చివరనే న్యూజెర్సీలో స్టోవెల్స్ ఎవర్‌గ్రీన్ అను రకము పుట్టెను. ఇది ఆలస్యముగా పండును గాని, పొత్తు లేతగా నిలుచు కాలము ఎక్కువ. ఒకరు విత్తు వేళను, మరొకరు కోత వేళను సవరింపబూనిరని చెప్పవచ్చును.

ఆనాడు తెల్ల గింజలకే గౌరవము. పసుపు గింజలు పశువుల మేతయని జనులు తలచుచుండిరి. 1902లో బర్పీ విత్తనముల సంస్థ గోల్డెన్ బాంటమ్ అను పసుపు రకమును ప్రవేశపెట్టగా, దాని రుచివలన ఆ అభిప్రాయము మారిపోయెను. 1930 దశకారంభములో స్టీవర్ట్ వడలు తెగులు చేలను ధ్వంసము చేయుచుండగా, ఇండియానాలో గ్లెన్ స్మిత్ రూపొందించిన గోల్డెన్ క్రాస్ బాంటమ్ అను సంకర రకము ఆ తెగులును తట్టుకొని నిలిచెను. సంకర రకములో మొక్కలన్నియు ఒకే పోలికగా ఉండును. అందుచేత చేనంతయు ఒక్కమారుగా కోతకు వచ్చును. కర్మాగారమునకు ఇది వరము. ఇంటి తోటకు చిక్కు. పాత రకమును ఒక్కసారి విత్తినను పొత్తులు వెనుకముందుగా వచ్చుచుండెను. సంకర రకము వచ్చిన పిదప విడతలుగా విత్తుట తప్పనిసరియైనది.

గింజలోనే మార్పు

మూడవ సమాధానము 1953లో వచ్చెను. ఇల్లినాయి విశ్వవిద్యాలయములో జాన్ లాఫ్నన్ అను జన్యుశాస్త్రజ్ఞుడు మొక్కజొన్నలో ముడుచుకొనిపోయిన గింజలనిచ్చు మరొక జన్యువును పరిశీలించుచుండెను. ఆ గింజలను నోట వేసికొని చూడగా అవి మిక్కిలి తీయగనుండెను. కొలిచి చూచినప్పుడు, మామూలు తీపి రకముకన్న అందు చక్కెర ఎన్నో రెట్లున్నట్లు తేలెను. ఈ పరిశోధన ఫలితముగా 1960 దశకారంభములో మహాతీపి రకములు బజారులోనికి వచ్చినవి.

పాత, క్రొత్త రకముల తేడా చక్కెర పిండిగా మారు మార్గములో ఉన్నది. పాత రకములో చెడినది ఆ మార్గము చివరనున్న ఎంజైము. అది లేనందున సరియైన పిండికి బదులు నీటిలో కరుగు పదార్థమొకటి చేరును. గింజకు మీగడవంటి మెత్తదనము దానివలననే కలుగును. మహాతీపి రకములో చెడినది మార్గము మొదటనే యున్న ఎంజైము. వాకిలియే మూతపడినందున చక్కెర చక్కెరగానే నిలిచిపోవును. అందుచేత కోసిన తరువాత చల్లగా ఉంచినచో కొన్ని దినములవరకు తీపి నిలుచును. పట్టణపు దుకాణములకు దూరమునుండి ఈ పొత్తులు వచ్చి చేరుటకు ఇదియే కారణము.

అయితే ప్రకృతిలో ఏదియు ఉచితముగా రాదు. పిండియనగా మొలకకు దాచియుంచిన అన్నము. మహాతీపి గింజలో ఆ అన్నము కరవు. కావున మొలక బలహీనము; చల్లని తడినేలలో అది తొందరగా చనిపోవును. నేల వేడిమి సుమారు 16 డిగ్రీలు దాటిన తరువాతనే దీనిని విత్తవలెను. కోత వేళకు వెసులుబాటు వచ్చెను. దానికి వెలగా విత్తు వేళకు కట్టడి పెరిగెను. నూరేండ్ల ప్రయత్నమంతయు ఈ ఒక్క వాక్యములో ఇమిడియున్నది.

మరియొక కట్టడియు కలదు. మొక్కజొన్నలో తండ్రి పుప్పొడి ప్రభావము ఆయేటి గింజలోనే కనబడును. పాత తీపి రకమును, మహాతీపి రకమును ప్రక్కప్రక్కన ఒకే వేళ పూచినచో, ఒకదాని లోపమును మరియొకటి పూరించును. రెండింటి గింజలును పిండిగింజలగును. దీనిని తప్పించుటకు దూరముగా నైనను విత్తవలెను, లేదా పూతలు కలియకుండ సుమారు రెండు వారముల ఎడముతో నైనను విత్తవలెను.

మన నేలమీద

తెలుగు దేశమున విత్తు వేళను నిర్ణయించునది చలికన్న నీరు. వానకాలపు మొక్కజొన్నను జూన్, జూలై నెలలలోను, యాసంగి పైరును అక్టోబరు, నవంబరు నెలలలోను విత్తుదురు. మన రైతు మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కించును. కార్తె సూర్యగమనమును చూపును గాని ఆయేటి వానను చూపదు. అందుచేత తెలివైన రైతు కార్తెను చూచి సిద్ధపడి, పదును చూచి విత్తును. హైదరాబాదునుండి వెలువడిన మాధురి, ప్రియ అను తీపి రకములు మన వాతావరణమునకు తగినవి.

పాఠశాల తోట ఉన్న ఉపాధ్యాయులు ఈ పాఠమును చేతులతో చెప్పవచ్చును. మొక్కజొన్న గాలివలన సంపర్కము పొందును గనుక ఒకే పొడవు వరుసగా గాక, చదరముగా నాలుగైదు వరుసలు విత్తవలెను. ప్రతి పీచుపోగును ఒక గింజకు చెందినది. పుప్పొడి అందని పోగు ఉన్నచోట పొత్తులో బొక్కి కనబడును. పీచు వెలువడిన దినమున మొక్కకు దారము కట్టి తేదీ వ్రాయుడు. సుమారు 18 దినములనుండి ప్రతిదినమును ఒక పొత్తు గింజను గోటితో గిల్లి చూడుడు. నీరు చిమ్మినచో లేత. పాలు చిమ్మినచో కోతకు వచ్చినది. ముద్ద తగిలినచో ముదిరినది. ఉష్ణ యూనిట్లను ప్రక్కన వ్రాసికొనుడు. వానకాలమున, చలికాలమున రెండుమార్లు చేసి పోల్చినచో, దినముల లెక్క మారినను యూనిట్ల లెక్క అంతగా మారదని విద్యార్థులే కనుగొందురు.

చివరిగా ఒక మాట. లాఫ్నన్ తన పరిశోధనను ప్రకటించిన 1953వ సంవత్సరముననే మిస్సోరీ నదిపై గారిసన్ ఆనకట్ట మూయబడెను. హిడాట్సా, మాండన్, అరికారా తెగలవారి నదీతీరపు సారవంతమైన పొలములు ఆ జలాశయములో మునిగిపోయినవి. గూస్‌బెర్రీ పొదలున్న అడవియు వాటితోడనే మునిగెను. అయినను ఒక ముసలమ్మ చెప్పగా ఒకడు శ్రద్ధగా వ్రాసికొనినందున, ఆ స్త్రీల విత్తు వేళ, కోత వేళ నేటికిని మనకు తెలియుచున్నవి. మన ఊళ్లలోను అట్టి పెద్దలున్నారు. ఏ చెట్టు పూచినప్పుడు ఏ విత్తు వేయుదురో, ఏ గుర్తు చూచి కోయుదురో వారిని అడిగి వ్రాసికొనుట విద్యార్థులు ఈ సెలవులలోనే చేయదగిన శాస్త్రకార్యము.